426 పక్కన చుక్క

షాంటిలీ, వర్జీనియా
ఫిబ్రవరి 16

సత్యమన్నకు,

కాగితం మీద నా రాత చూసి నీకు నవ్వొస్తుందేమో. చెయ్యి తిరగడం లేదు. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. చేస్తే రెండో నిమిషానికి నవంబరు ఎన్నికల దగ్గరికి వెళ్తాం, మూడో నిమిషానికి ఎవరో ఒకరం పెట్టేస్తాం. అక్టోబరు నుంచి మనకు మాటల్లేవు. ఉత్తరమైతే నువ్వు మధ్యలో అందుకోలేవు.

జగదీష్‌కి బైపాస్ అయిన సంగతి నీకు తెలిసే ఉంటుంది. జనవరి 21న. నిన్న వాళ్ళింటికి ఫోన్ చేసి గిరిజతో మాట్లాడాను. ఇప్పుడు కులాసాగానే ఉన్నాడట, ఇంటి ముందు మెయిల్‌బాక్స్ దాకా నడుస్తున్నాడట. ఫోన్ పెట్టేసే ముందు నేనే అడిగాను, క్యారేజీలు సరిగ్గా అందాయా అని. "ఈసారి రాలేదులే అన్నయ్యా, అందరూ బిజీగా ఉన్నట్టున్నారు" అంది.

ఒక్కటి కూడా రాలేదట. పద్నాలుగు రోజులు.

నమ్మలేకపోయాను. కాపెల్‌లో మన తెలుగువాళ్ళ ఇంట కాన్పైనా, ఆపరేషనైనా, చావైనా, ఆ ఇంట్లో పొయ్యి వెలిగించాల్సిన పని లేకుండా పదిహేడేళ్ళు చూసింది, ఏ రోజు ఏ ఇంటి నుంచి క్యారేజీ వెళ్ళాలో గళ్ళు గీసి రాసే నీ నల్ల అట్ట పుస్తకం. శాంతి వదిన ఉద్యోగం మీద ఇద్దరూ వచ్చి, నీకు పని చేసే అనుమతి లేక ఇంట్లో కూర్చున్న రోజుల్లో మొదలుపెట్టావు. మొదటి పేజీ మాదే. మేమింకా కాపెల్‌లో ఉన్నప్పుడు, దేదీప్య పుట్టిన వారం. రేణు ఇప్పటికీ ఆ కంద పులుసు గురించి చెప్తుంది.

అట్ట లోపలి వైపు నువ్వు రాసిన మూడు నియమాలు నాకు ఇంకా గుర్తే. ఆ ఇంటివాళ్ళతో అడిగించుకోకూడదు. పేరు రాయకూడదు, ఇంటి నంబరే రాయాలి. గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదు. మూడోది గిరిజ చేర్పించింది. "కనీసం నిమ్మకాయైనా వేయాలి అన్నయ్యగారూ, ఉత్త గిన్నె ఇస్తే మా అమ్మ తంతుంది" అని మీ వంటింట్లో నిలబడి నవ్వింది.

ఒక్కటే అడుగుతున్నాను. జగదీష్ ఇంటికి పేజీ తెరిచావా? పొరపాటు ఎక్కడ జరిగింది?

శశికాంత్


కాపెల్, టెక్సస్
ఫిబ్రవరి 25

శశికి,

ఉత్తరం చేరింది. ఇక్కడ అందరం క్షేమం. మొన్న మంచు పడి రోడ్లు గడ్డకట్టి రెండు రోజులు కొట్టు మూశారు.

జగదీష్ గారి విషయం. అక్టోబరులో ఎన్నికల గొడవకి మన వాట్సాప్ గ్రూపు రెండైంది. వాళ్ళ పందొమ్మిది ఇళ్ళకూ వేరే గ్రూపు ఉంది, నువ్వూ అందులోనే ఉన్నావు. వాళ్ళలో వాళ్ళు చూసుకుంటున్నారు అనుకున్నాను. నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే పేజీ తెరిచేవాణ్ణి. పొరపాటు జరిగినందుకు విచారిస్తున్నాను. గిరిజమ్మకు ఆ మాట చెప్పు.

దేదీప్యకు కాలేజీ సీటు ఎక్కడ వచ్చింది? రేణును అడిగానని చెప్పు.

ఉంటాను.

సత్యం


షాంటిలీ
మార్చి 6

అన్నా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాలుగుసార్లు చదవడానికి అందులో ఏమీ లేదు, అయినా చదివాను. జగదీష్ నీకు 'గారు' ఎప్పుడయ్యాడు? బావా అంటే బావా అని పిలుచుకున్న మనుషులు.

ఎవరూ చెప్పలేదు అని రాశావు. చెప్పేదాకా కూర్చునే పనైతే మొదటి నియమం ఎందుకు? అడిగించుకోకూడదు అని రాసింది నీ చెయ్యే కదా. మూడో రోజుకే ఊరంతా తెలుసు. తెలుగు కూరగాయల సంచీ పట్టుకున్న ప్రతి మనిషీ నువ్వు పనిచేసే కిరాణా కొట్టు మీదుగానే పోవాలి. నీకు తెలియలేదంటే ఎవరు నమ్ముతారు?

మీ అమ్మ పోయిన ఏడాది గుర్తు చేసుకో. వెళ్తే వీసా స్టాంపింగ్ ఆగిపోతుందేమోనని నువ్వు ఇండియా వెళ్ళలేకపోయావు. గదిలోంచి బయటికి రాలేదు. నీ పుస్తకంలో నీ ఇంటికే పేజీ తెరవడానికి నువ్వు లేవు. పదకొండు రోజులు ఎవరు తెచ్చారు? గిరిజ తెచ్చింది. జగదీష్ నీ పక్కన కార్పెట్ మీద కూర్చుని, "తిను బావా, అమ్మ చూస్తుంటది, తిను" అని ముద్ద కలిపి చేతిలో పెట్టాడు. ఆ గుమ్మంలో నేను కూడా ఉన్నాను.

ఇవాళ అతను మంచంలో ఉంటే నీకు కనబడింది ఒక్కటే, అతని ఇంటి ముందు గడ్డిలో ఏ గుర్తు బోర్డు ఉందో. మీ నాయకుడు మీకు నేర్పింది ఇదే అయితే చాలా బాగా నేర్చుకున్నావు. ఎదురింటి ముసలాయన, జగదీష్ బోర్డుకి సరిగ్గా ఎదురు బోర్డు పెట్టుకున్న తెల్లాయన, ఐదో రోజున చికెన్ సూప్ పట్టుకొచ్చాడట. వాళ్ళు తినరని ఆయనకేం తెలుసు పాపం. గిరిజ రెండు చేతులతో అందుకుందట.

మావాళ్ళలో ఏ ఒక్కరూ ఇలాంటి పని చేయరని మాత్రం చెప్పగలను.

శశికాంత్


కాపెల్
మార్చి 14

శ్రీ శశికాంత్ గారికి,

మీ ఉత్తరం అందింది. మా అమ్మను మీ ఎన్నికల్లోకి తేవద్దని మనవి.

మీ జ్ఞాపకశక్తి మంచిది. కాబట్టి అక్టోబరు 19, శనివారం కూడా గుర్తుండే ఉంటుంది. ఎవరో గోంగూర ఎక్కడ దొరుకుతుందని అడిగారు. మధ్యలో ఇంకెవరో ఉపన్యాసం వీడియో పెట్టారు. ధరలు ఎందుకు పెరుగుతున్నాయో నాకు తెలిసింది నేను రాశాను. నేను ఇంటర్ దాకా చదివాను. మిగతాది లైబ్రరీలో చదువుకున్నాను. తప్పు రాసి ఉంటే తప్పని చెప్పొచ్చు. జగదీష్ గారు అరవై ఒక్క మంది చూస్తుండగా ఇలా రాశారు: "కిరాణా కొట్లో లేబుల్స్ అతికించేవాడు కూడా మనకి ఎకానమీ చెప్తున్నాడు."

దాని కింద నవ్వే బొమ్మలు నాలుగు పడ్డాయి. మూడోది మీది.

మీవాళ్ళలో ఎవరూ ఇలాంటి పని చేయరని రాశారు. సంతోషం. వాళ్ళవి పందొమ్మిది ఇళ్ళు. అందరికీ కార్లున్నాయి, పొయ్యిలున్నాయి. ఒక్కరు ఒక్క గిన్నె చారు పట్టుకెళ్ళలేకపోయారా? నన్ను అడుగుతున్నారు. వాళ్ళను అడిగారా?

ఈ విషయమై ఇక మీరు నాకు రాయనవసరం లేదు.

నమస్కారములతో,
సత్యం


కాపెల్
ఏప్రిల్ 13

శశీ,

నువ్వు జవాబు రాయలేదు. రాయొద్దన్నది నేనే. ఇప్పుడు నేనే రాస్తున్నాను. ఇది చదివాక నువ్వు ఏమనుకున్నా సరే.

నిన్న అనిక కొట్టుకి వచ్చింది. జగదీష్ కూతురు అంత ఎదిగిందని నాకు తెలియదు. కార్ తనే నడుపుకుంటూ వచ్చింది. నేను వెనక వరసలో కందిపప్పు సంచులు సర్దుతున్నాను.

"సత్యం అంకుల్, డాడీకి లో-సోడియం పచ్చడి ఉంటదా?"

"ఉప్పు లేకపోతే అది పచ్చడి కాదమ్మా, ఉత్త మామిడికాయ."

"దట్స్ వాట్ మమ్మీ సెడ్. డాడీ వినడు. హి సెడ్, గో ఆస్క్ సత్యం, వాడికి తెలుస్తది అని."

నవ్వింది. నేనూ నవ్వాను. వెళ్ళబోయి మళ్ళీ వెనక్కి వచ్చింది.

"అంకుల్, కెన్ ఐ ఆస్క్ సంథింగ్? మేం ఏమన్నా తప్పు చేసామా?"

"ఎందుకమ్మా అలా అంటావు?"

"డాడీ సర్జరీ అప్పుడు మమ్మీ ఫ్రిజ్‌లో ఒక షెల్ఫ్ మొత్తం ఎంప్టీ చేసింది. క్యారేజీలు వస్తయ్, ప్లేస్ ఉండాలి అని. ఎవ్రీ డే హాస్పిటల్ నించి వచ్చి ఆ షెల్ఫ్ తుడిచేది. ఐ థింక్ డే టెన్‌కి అక్కడ మిల్క్ పెట్టేసింది. ఐ వాజ్ జస్ట్ వండరింగ్."

"మీరేం తప్పు చేయలేదమ్మా" అన్నాను. "ఓకే" అని వెళ్ళిపోయింది. నేను పప్పు సంచుల మధ్యే కూర్చుండిపోయాను. మేనేజరు వచ్చి ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. నడుం పట్టేసిందన్నాను.

నాకు ఎవరూ చెప్పలేదని నీకు రాసింది అబద్ధం. నేను రోజూ ఆ పుస్తకం వెనక పేజీల్లో ఒక ముక్క రాసుకుంటానని నీకు తెలుసు. ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను.

*అక్టోబరు 20. గ్రూపులోంచి పందొమ్మిది ఇళ్ళను తీసేశాను. పుస్తకంలో ఆ నంబర్ల పక్కన పెన్సిలుతో చుక్క పెట్టాను. సౌకర్యం కోసం.*

*జనవరి 21, మంగళవారం. చలి ఎక్కువ. అవని కొట్టుకి వచ్చి చెప్పింది, 426 వారికి గుండె ఆపరేషన్. పేజీ తెరిచాను. ఉప్పు తక్కువ. 14 గళ్ళు గీశాను.*

*జనవరి 22. పేజీ గ్రూపులో పెట్టలేదు. వాళ్ళు అడగనీ.*

*జనవరి 23. అడగలేదు.*

*జనవరి 27. 426 వారు ఇంటికి వచ్చారట. మనది ఏ రోజని శాంతి అడిగింది. వాళ్ళవాళ్ళు చూసుకుంటున్నారని చెప్పాను.*

*ఫిబ్రవరి 3. పద్నాలుగో రోజు. గళ్ళు ఖాళీ.*

ఇంతే ఉంది. ఆ ఫిబ్రవరి 3న రాయనిది ఒకటుంది. ఆ రోజు గళ్ళు చూసుకుంటే నాకు నెగ్గినట్టనిపించింది. లేబుల్స్ అతికించేవాడు లేకపోతే ఏమవుతుందో చూశారా అనిపించింది. వాళ్ళ ఇంట్లో ఆ పూట ఏం తిన్నారన్నది నా బుర్రలోకి రాలేదు. వచ్చినా తోసేశాను. తోసేశాను అనడమే నిజం.

జగదీష్ నన్ను అన్నది అరవై ఒక్క మంది చూశారు. నేను చేసింది ఎవరూ చూడలేదు. పైగా నేను ఏమీ చేయలేదు. గళ్ళు గీసి ఊరుకున్నాను, అంతే. అందుకే ఇన్నాళ్ళు అన్నం తినగలిగాను.

శాంతికి నిన్న సాయంత్రం చెప్పాను. ఆమె టీ గ్లాసు కింద పెట్టి, "నాతో కూడా అబద్ధం చెప్పావా" అంది. అప్పటి నుంచి మాట లేదు.

ఒక సంగతి మాత్రం అడగాలి. నీ మార్చి ఉత్తరంలో "మూడో రోజుకే ఊరంతా తెలుసు" అని ఉంది. ఫిబ్రవరి ఉత్తరంలో గిరిజతో నిన్ననే మాట్లాడానని రాశావు. షాంటిలీలో ఉన్న నీకు మూడో రోజు సంగతి ఎలా తెలిసింది? తప్పు పట్టడానికి అడగడం లేదు. అలా అడిగే అర్హత నాకు లేదు.

సత్యం


షాంటిలీ
ఏప్రిల్ 22

అన్నా,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. రోజూ ఆఫీస్‌కి కార్‌లో పట్టుకెళ్ళి, పార్కింగ్‌లో చదివి, మళ్ళీ ఇంటికి తెస్తున్నాను.

గిరిజ నాకు ఫోన్ చేసింది జనవరి 23న. అంటే మూడో రోజు. ఐసీయూ బయట నించి. మొదటి మాట ఏమందో తెలుసా? "అన్నయ్యా, సత్యం అన్నయ్యగారికి ఒంట్లో బాగాలేదా? క్యారేజీ రాలేదు. ఆయన ఆపే మనిషి కాదు. ఫోన్ చేద్దామంటే మొన్నటి గొడవ ఉందాయె, ఏమనుకుంటారో అని చేయలేదు. నువ్వోసారి కనుక్కో."

ఆమె అన్నం కోసం చేయలేదు. నీకేమైందోనని చేసింది.

కనుక్కుంటానని చెప్పాను. నీకు ఫోన్ చేయలేదు. మా గ్రూపులో రాశాను. ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాయడం నీ పద్ధతి కాబట్టి నేనూ అలాగే రాస్తాను: "చూశారా, ఆయన గొప్ప పుస్తకం సంగతి! పార్టీ చూసి అన్నం ఆపేశాడు. ఎవరూ తొందరపడి తీసుకెళ్ళకండి. ఎన్ని రోజులు ఆపుతాడో చూద్దాం. తర్వాత అందరికీ చూపిద్దాం."

పది నిమిషాలకి మా గ్రూపులోనే ఉన్న అవని ఫోన్ చేసింది. "అంకుల్, నేను పులిహోర కలిపేశా. షూస్ కూడా వేసుకున్నా. తీసుకెళ్ళనా?"

"ఇవాళ ఆగమ్మా. ఒక్కరు తీసుకెళ్ళినా ఆయన పంపినట్టే లెక్కలోకి వస్తుంది" అన్నాను.

"మరి పాపం వాళ్ళు?"

"రెండు రోజులే కదమ్మా."

రెండు రోజులు పద్నాలుగయ్యాయి. ప్రతి రోజూ ఎవరో ఒకరు గ్రూపులో "ఈరోజు కూడా లేదు" అని రాసేవారు. కింద మేము బొటనవేలి బొమ్మలు, మంటల బొమ్మలు పెట్టేవాళ్ళం. క్రికెట్ స్కోరు చూసుకున్నట్టు చూసుకున్నాం. వాళ్ళలో సగం మంది నువ్వు ఎప్పుడో ఒకప్పుడు కంద పులుసు తెచ్చిపెట్టిన ఇళ్ళవాళ్ళే. నాది మొదటి ఇల్లు.

నువ్వు నీ గళ్ళు ఖాళీగా ఉంచావు. నేను అవని వండిన అన్నాన్ని గుమ్మంలోనే ఆపాను. ఏది ఎక్కువ అని తూచడానికి ఇద్దరం తగినవాళ్ళం కాదు.

ఇంకా ఉంది. ఫిబ్రవరిలో నీకు ఉత్తరం ఎందుకు రాశానో చెప్పాలి. ఫోన్ చేస్తే గొడవవుతుందని రాశాను కదా, అది పూర్తి నిజం కాదు. ఫోన్‌లో అయితే రుజువుండదు. నీ చేతిరాతతో నీ మాట కావాలనుకున్నాను. నీ ఫిబ్రవరి ఉత్తరం ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. "గారు అట, గారు!" అని రెండు రోజులు నవ్వుకున్నారు. మార్చిది కూడా పెట్టబోయాను. నవ్వే బొమ్మల్లో మూడోది మీది అన్న వాక్యం దగ్గర చెయ్యి ఆగింది. నేను పెట్టానని నాకు గుర్తే లేదు. వెనక్కి వెళ్ళి వెతికితే ఉంది. ఏదో మీటింగ్‌లో ఉండి నొక్కినట్టున్నాను. దానికి ముందు మెసేజి ఏమిటో కూడా చదివి ఉండను.

ఏప్రిల్ ఉత్తరం ఎవరికీ చూపించలేదు. అది చూపించాలంటే నాది కూడా చూపించాలి.

నిన్న దేదీప్య అడిగింది, "డాడ్, హూ ఈజ్ రైటింగ్ యు లెటర్స్?" అని. ఒక ఫ్రెండ్ అన్నాను. "కూల్" అంది. అంతకంటే ఏం చెప్పను?

గిరిజకి ఈ ఆదివారం ఫోన్ చేసి నా సంగతి నేను చెప్తాను. నువ్వు దగ్గరే ఉన్నావు. నువ్వు వెళ్ళాలి. నాకు ఫోన్ చాటు ఉంది, నీకు అదీ లేదు. ఈ ఒక్క విషయంలో నీది నాకంటే కష్టం.

క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

శశి


కాపెల్
మే 10

శశీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కోపం వస్తుందేమోనని చూశాను. రాలేదు. నా ఉత్తరాన్ని పదిమంది చదివి నవ్వారంటే మనసు చిన్నబోయింది, అంతే. ఒక రకంగా అది నాకు దక్కాల్సిందే.

మే 4, ఆదివారం పొద్దున పదకొండింటికి వెళ్ళాను. తోటకూర పప్పు, బీరకాయ కూర, చారు, అన్నం. ఉప్పు సగం. నేనే వండాను. శాంతి ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు కానీ, బయల్దేరేటప్పటికి అల్మారా పైనున్న పాత నాలుగు గిన్నెల క్యారేజీ దించి తుడిచి పెట్టింది. పుస్తకం కూడా తీసుకెళ్ళాను. జేబులో ఒక రబ్బరు పెట్టుకున్నాను.

బోర్డు తీసేశారు. గడ్డిలో దాని కాళ్ళు దిగిన రెండు చిల్లులున్నాయి. నేను ఇన్నాళ్ళు ఆ బోర్డు చూడకూడదని పక్క వీధిలోంచి పనికి వెళ్ళేవాణ్ణి.

జగదీష్ హాల్లో కుర్చీలో ఉన్నాడు. చొక్కా వదులైపోయింది. దగ్గు వస్తే చెయ్యి ఛాతీ మీద అదిమి పెట్టుకుంటున్నాడు. "రండి సత్యం గారూ" అన్నాడు. నా గారు నాకే తిరిగొచ్చింది.

కూర్చోకుండానే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. అవని చెప్పడం, గళ్ళు గీయడం, గ్రూపులో పెట్టకపోవడం, శాంతికి అబద్ధం చెప్పడం. నెగ్గినట్టనిపించింది అన్నది కూడా చెప్పాను. గిరిజ వంటింటి గడపలో నిలబడి విన్నది. నువ్వు ఫోన్ చేశావని మాత్రం ఆమె అంది.

జగదీష్ "ఆ లేబుల్స్ మాట... నాకు గుర్తు కూడా లేదు బావా. మొన్న అనిక ఫోన్‌లో తీసి చూపించింది. ఇది నేనే రాశానా అనుకున్నా. ఎవడి మీదో కోపం, చేతిలో ఫోనుంది, రాసి పడేశా" అన్నాడు. "నువ్వు ఆరు నెలలుగా మోసుకు తిరుగుతున్నావని నాకేం తెలుసు?"

బావా అన్నందుకు నాకు సంతోషం కలగాలి. కలగలేదు. అతనికి గుర్తు కూడా లేని మాటకి నేను పద్నాలుగు గళ్ళు బదులిచ్చాను.

గిరిజ పుస్తకం అడిగింది. బల్ల మీద పెట్టుకుని మొదటి నుంచి తిప్పింది. నీ ఇంటి పేజీ దగ్గర ఆగింది. మా అమ్మ పోయినప్పటి పేజీ ఆమె చేతిరాతే, అక్కడా ఆగింది. తర్వాత ఇళ్ళ జాబితా వచ్చింది.

"ఇవేమిటి అన్నయ్యగారూ, ఈ చుక్కలు?"

చెప్పాను.

"మాది 426. దీని పక్కన ఉన్నదీ అదేనా?"

"అదే."

నేను జేబులోంచి రబ్బరు తీశాను. ఆమె దాన్ని చూసి, పుస్తకం మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు. ఉండనీయండి. రేపు ఈ పుస్తకం ఎవరి చేతికొచ్చినా అవి కనబడాలి."

పుస్తకం తన దగ్గరే ఉంచుకుంది. గురువారం అనికతో కొట్టుకి పంపింది. తెరిచి చూస్తే కొత్త పేజీ ఉంది, గిరిజ చేతిరాతతో. కృతి అని ఎమ్మెస్ చదువుకుంటున్న అమ్మాయి ఉందట. ఇద్దరు రూమ్మేట్లు, ఎవరికీ వంట రాదు. అపెండిక్స్ తీశారు. పేరు నాకు అనిక చెప్పింది. పుస్తకంలో అపార్ట్‌మెంట్ నంబరే ఉంది. కారం తక్కువ. ఏడు గళ్ళు. రెండో గడిలో 426 అని రాసింది. ఐదో గడిలో అవనిది. మొదటిది ఖాళీగా వదిలింది. శాంతిని అడిగి మా నంబరు రాశాను. పేజీ ఫోటో తీసి మన గ్రూపులో పెట్టాను. మీ గ్రూపులో పెట్టడానికి నేను అందులో లేను. అవనికి పంపి, నువ్వు పెట్టమ్మా అన్నాను. అందరూ చూసే చోటే నేను జనవరిలో చేసింది కూడా నాలుగు వాక్యాల్లో రాశాను. ఇద్దరు ముగ్గురు బాగా తిట్టారు. ఒకరు మన పార్టీకి తలవంపులు తెచ్చావన్నారు. జవాబు రాయలేదు.

ఇక్కడితో ముగిద్దామనుకున్నాను. ఒకటి రాయకుండా వదిలేశాను. వదిలేయడం నాకు అలవాటు కాబట్టి అదీ రాస్తున్నాను.

ఆదివారం నేను బయల్దేరబోతుంటే గిరిజ క్యారేజీ లోపలికి తీసుకెళ్ళింది. నాలుగు గిన్నెలూ తన గిన్నెల్లోకి వంచింది. సబ్బు పెట్టి కడిగింది. తుడిచింది. గడపలోంచి నాకు కనబడుతూనే ఉంది. సింక్ పక్కన గాజు గిన్నెలో నిమ్మకాయలున్నాయి. క్యారేజీ మూత పెట్టబోతూ, అలవాటున ఆమె చెయ్యి ఆ గిన్నె మీదికి వెళ్ళింది. ఒక కాయ పట్టుకుంది కూడా. ఆగింది. మళ్ళీ గిన్నెలో పెట్టేసింది.

మూత బిగించి తెచ్చి నా చేతికిచ్చింది. "వెళ్ళి రండి" అంది.

ఇంటికొచ్చాక శాంతి గట్టు మీద నాలుగు గిన్నెలూ విడదీసి చూసింది. తిరగేసి ఆరబెట్టింది.

సత్యం